చలికాలం, వేడి, ఖర్చు: పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కోరాపుట్ కొండల నుంచి, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు నుంచి, అటు బల్లార్షా, సిరోంచల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం పొయ్యిలు, హీటర్లు, గీజర్ల గురించే. కట్టె అయినా కరెంటు అయినా ఖర్చు పెరుగుతోంది, వెచ్చదనం చాలడం లేదు, ఏది మార్చాలి అని అడిగారు. చాలా ఇళ్లలో కొత్త సామాను కొనే ముందు, ఉన్న వేడి ఎటు పోతోందో చూడాల్సిన అవసరం ఉంది. జవాబులన్నీ ఆ సంగతి దగ్గరే మొదలవుతాయి.

ప్రశ్న: ఇంట్లో ఆరుగురం. పొద్దున స్నానాలకి వసారాలో మూడు రాళ్ల పొయ్యి మీద నీళ్లు కాస్తాం. కట్టె విపరీతంగా అవుతోంది, పొగంతా ఇంట్లోకి కొడుతోంది. తక్కువ కట్టెతో మండే పొయ్యి మేమే కట్టుకోవచ్చా? కొలతలతో సహా చెప్పండి.
– ఒక గృహిణి, సిమిలిగుడ

జవాబు: కట్టుకోవచ్చమ్మా. ముందు లెక్క చూడండి. మనిషికి 10 లీటర్ల చొప్పున 60 లీటర్ల నీళ్లు 15 డిగ్రీల నుంచి 45 డిగ్రీలకి తేవాలంటే 1,800 కిలో కేలరీలు కావాలి. బాగా ఎండిన కట్టె కిలోకి సుమారు 3,700 కిలో కేలరీలు ఇస్తుంది. మూడు రాళ్ల పొయ్యిలో అందులో 12 శాతం గిన్నెకి చేరితే గొప్పే, మిగతాది గాలికి పోతుంది. అంటే రోజుకి 4 కిలోల కట్టె. అదే పచ్చి కట్టె అయితే బరువులో సగం దాకా నీరే, ఆ నీటిని ఆవిరి చేయడానికీ కొంత వేడి పోతుంది, 7 కిలోలు దాటుతుంది. 30 శాతం వేడి గిన్నెకి చేర్చే పొయ్యి కట్టుకుని, ఎండు కట్టె వాడితే 1.6 కిలోలు సరిపోతుంది. కాబట్టి పొయ్యి ఎంత ముఖ్యమో కట్టె ఎండడమూ అంతే ముఖ్యం.

పొయ్యి లోపలి గది నిలువుగా 15 సెం.మీ. చదరం, అడుగు నుంచి పైఅంచు దాకా 45 సెం.మీ. ఎత్తు ఉండాలి. ముందువైపు అడుగున 15 సెం.మీ. చదరపు నోరు. ఆ నోట్లో నేలకి 5 సెం.మీ. ఎత్తున ఒక ఇనుప రేకు అడ్డంగా పెట్టండి. పుల్లలు రేకు మీద ఉంటాయి, గాలి రేకు కింద నుంచి పోయి నిప్పుల అడుగుకి తగులుతుంది. ఈ రేకు లేకుండా పుల్లలు నేల మీదే పెడితే గాలి పైనుంచి చల్లగా దూరి మంటని చల్లారుస్తుంది, పొగ అక్కడే పుడుతుంది.

లోపలి గోడకి మామూలు ఇటుక వద్దు. బరువైన ఇటుక, మందపాటి బంకమట్టి మొదటి అరగంట వేడినంతా తామే తాగేస్తాయి. మీరు నీళ్లు కాచేది గంటసేపే కదా. ఇటుకల బట్టీలో గానీ కుమ్మరి దగ్గర గానీ, మట్టిలో సగానికి సగం రంపపు పొట్టు లేదా ఊక కలిపి ఇటుకలు చేయించి కాల్పించండి. పొట్టు కాలిపోయి ఇటుక నిండా చిన్న చిన్న బొక్కలు పడి తేలికగా వస్తుంది, వేడిని పట్టి ఉంచుకోదు. ఆ గోడ చుట్టూ 10 సెం.మీ. ఖాళీ వదిలి, బయట మామూలు ఇటుకతో మట్టి గోడ కట్టి, ఆ ఖాళీని జల్లించిన పొడి బూడిదతో నింపండి. సుమారు 65 లీటర్లు, అంటే నాలుగైదు బకెట్ల బూడిద పడుతుంది. పైన 3 సెం.మీ. మందాన ఊక కలిపిన మట్టితో మూసేయండి. బూడిద తడిస్తే ఇక పనికిరాదు, కాబట్టి పొయ్యి చూరు కింద ఉండాల్సిందే.

గిన్నె కింద ఎంత సందు వదలాలన్నది చాలామంది గాలికి వదిలేస్తారు. నిజానికి కట్టె ఆదాలో పెద్ద వాటా దానిదే. గది వైశాల్యం 15 × 15 అంటే 225 చదరపు సెం.మీ. సెగకి దారి పొడుగునా అంతే చోటు ఉండాలి. గది అంచు చుట్టుకొలత 60 సెం.మీ., కాబట్టి గిన్నెని మూడు ఇనుప మేకుల మీద 4 సెం.మీ. ఎత్తున నిలబెట్టండి. గిన్నె వ్యాసం 40 సెం.మీ. అయితే దాని చుట్టుకొలత 126. 225ని 126తో భాగిస్తే 1.8. గిన్నె చుట్టూ 1.8 సెం.మీ. సందు ఉండేలా రేకు చుట్టు పెట్టండి, గిన్నె ఎత్తులో మూడింట రెండు వంతుల దాకా. సెగ ఆ సందులోంచి గిన్నె పక్కల్ని రాసుకుంటూ పైకి పోతుంది. సందు ఇరుకైతే పొగ నోట్లోంచి వెనక్కి కొడుతుంది, వెడల్పైతే వేడి గిన్నెకి తగలకుండానే పోతుంది. వేరే గిన్నె వాడితే ఇదే లెక్క మళ్లీ వేసుకోండి.

60 లీటర్లూ ఒకేసారి పెట్టకండి. 30 లీటర్ల గుండిగలో రెండు విడతలు కాయండి, మూత పెట్టండి. విడతకి సుమారు అరగంట. ఒకేసారి బొటనవేలి లావు పుల్లలు ఐదారు చాలు, కొసలు కాలే కొద్దీ లోపలికి నెట్టండి. నోటి నిండా కుక్కితే గాలి ఆగిపోతుంది, పొయ్యి బాగోలేదని పేరు వస్తుంది. కట్టిన తర్వాత రెండు వారాలు ఆరనిచ్చి, తొలి రెండు రోజులు చిన్న మంటే పెట్టండి. సిమెంటు పూత వేడికి పగిలిపోతుంది, వద్దు. ఇనుప రేకు కొన్ని నెలలకే కాలి చిల్లులు పడుతుంది, ఇంకోటి కోసి ఉంచుకోండి.

కట్టె సంగతి: మాఘ, ఫాల్గుణాల్లోనే చీల్చి, నేలకి జానెడు ఎత్తున రాళ్ల మీద పేర్చి, పైన మాత్రమే కప్పండి. పక్కలు గాలికి వదిలేయాలి. ఎండిందో లేదో తెలియాలంటే ఒక చీలికని తూచి, నాలుగు రోజులు మంచి ఎండలో పెట్టి మళ్లీ తూచండి. బరువు ఇంకా గట్టిగా తగ్గితే అది పచ్చిదే.

ప్రశ్న: వంటింట్లో రెండు కళ్ల పొయ్యికి పొగ గొట్టం పెట్టించాం. గాలి వీచిన రోజు పొగ గదిలోకే తిరిగి వస్తోంది. గొట్టం సిమెంటు రేకు రకం.
– గుణుపురం పాఠకుడు

జవాబు: గొట్టం కొస ఇంటి కప్పు నడికొప్పు కంటే కనీసం 2 అడుగులు ఎత్తుకి పోవాలి. దానికంటే కింద ఆగితే, కప్పు మీదుగా దొర్లే గాలి గొట్టంలోకే దిగుతుంది. 10 సెం.మీ. వ్యాసం చాలు. వంపులు ఉంటే తీసేయండి, తప్పనిసరైతే ఒకటే, అదీ 45 డిగ్రీలకి మించకుండా. పైన టోపీకి, గొట్టం నోటికి మధ్య 10 సెం.మీ. ఖాళీ ఉందేమో చూడండి. వాన పడుతుందని టోపీని దగ్గరికి నొక్కేస్తే పొగకి దారి ఉండదు. నెలకోసారి మసి దులపాలి, లేకపోతే అది తారులా పేరుకుని ఒకరోజు గొట్టంలోనే అంటుకుంటుంది.

సిమెంటు రేకు గొట్టాన్ని మార్చేయండి. వాటిలో తరచుగా ఆస్‌బెస్టాస్ అనే నార ఖనిజం ఉంటుంది, వేడికి గొట్టం చిట్లుతుంది, ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తీసేటప్పుడు కొట్టి పగలగొట్టొద్దు, నీళ్లు చల్లి తడిపి మొత్తంగా దించండి. పొయ్యికి ఆనుకునే మొదటి 3 అడుగులు మామూలు ఇనుప గొట్టం, పైన జింకు పూత ఉన్న జీఐ గొట్టం వాడండి. గడ్డి కప్పు అయితే గొట్టం చుట్టూ జానెడున్నర ఖాళీ వదిలి రేకు పట్టీ వేయించాలి.

ప్రశ్న: మా కోడలు బాలింత. గది చల్లగా ఉంటుందని రాత్రంతా కుంపటి పెడుతున్నాం, సాంబ్రాణి కూడా వేస్తాం. చలిగాలి తగలకూడదని కిటికీలు మూసేస్తాం. ఎన్ని బొగ్గులు వేస్తే సరిపోతుంది?
– పొట్టంగి నుంచి ఒక అత్తగారు

జవాబు: అమ్మా, ఒక్క బొగ్గు కూడా వద్దు. ఈ రాత్రి నుంచే మానేయండి. మూసిన గదిలో బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, కళ్లు మండవు. పొగ లేదు కదా, బొగ్గులు ఎర్రగా బాగా రాజుకున్నాయి కదా అనుకుంటాం గానీ ఆ వాయువు అప్పుడూ వస్తూనే ఉంటుంది. నివురు గప్పిన నిప్పు నుంచీ వస్తుంది. రక్తంలో ప్రాణవాయువు ఉండాల్సిన చోట అది అతుక్కుంటుంది. నిద్రలో ఉన్నవాళ్లకి మెలకువే రాదు. పసిగుడ్డుకి పెద్దవాళ్ల కంటే త్వరగా ముప్పు. ఒక రెక్క తీసి ఉంచితే చాలనే మాట నమ్మకండి.

పొద్దున లేవగానే అందరికీ తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం ఉంటే అది జలుబు అనుకోకండి. వెంటనే అందరూ బయటికి వచ్చేసి 108కి ఫోన్ చేయండి, కుంపటి సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

బిడ్డ ఉన్న గది 25 డిగ్రీలకి తగ్గకుండా ఉంటే మంచిది. దానికి ఆయిల్ నింపిన కరెంటు హీటర్ మేలు. బిడ్డని తల్లి ఛాతీ మీద ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టి పైన దుప్పటి కప్పడం అన్నిటికంటే నమ్మకమైన వేడి. అయితే తల్లి మెలకువగా ఉన్నంతసేపే. తలకి టోపీ, కాళ్లకి మేజోళ్లు వేయండి. వేడినీళ్ల సంచితో పక్క వెచ్చచేసి, బిడ్డని పడుకోబెట్టే ముందు సంచి తీసేయండి. పక్కనే వదిలితే లేత చర్మం కాలుతుంది. సాంబ్రాణి పొగ కూడా పసిబిడ్డ ఊపిరికి మంచిది కాదు.

ప్రశ్న: 2,000 వాట్ల ఆయిల్ హీటర్ కొన్నాం. 12 × 10 అడుగుల పెంకుటింటి గది. రెండు గంటలు వేసినా వెచ్చబడదు, లైట్లు మసకబారుతున్నాయి. ఇంకో కంపెనీది మార్చాలా?
– కోరాపుట్ పాఠకుడు

జవాబు: కంపెనీ మార్చినా ఇదే. రాడ్డు రకమైనా, ఆయిల్ రకమైనా, ఫ్యాన్ రకమైనా ఒక యూనిట్ కరెంటుకి 860 కిలో కేలరీల వేడే ఇస్తుంది, ఎక్కువ ఇచ్చే మాయ ఏదీ లేదు. ‘తక్కువ కరెంటుతో ఎక్కువ వేడి’ అని ఏ రాడ్డు హీటరు మీద రాసి ఉన్నా నమ్మకండి.

మీ ఇంట్లో రెండు లోపాలు కనిపిస్తున్నాయి. ఒకటి వోల్టేజి. వోల్టేజి తగ్గితే హీటరు శక్తి దాని వర్గం లెక్కన తగ్గుతుంది. 230 ఉండాల్సిన చోట 180 వస్తే మీ 2,000 వాట్ల హీటరు సుమారు 1,225 వాట్లే ఇస్తుంది. హీటరు వేసినప్పుడు ప్లగ్గు దగ్గర మల్టీమీటరుతో కొలిపించండి. మీటరు దగ్గర బాగానే ఉండి ప్లగ్గు దగ్గర తగ్గితే తప్పు మీ వైరుది. ఈ హీటరు దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. దానికి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, విడిగా 16 ఆంపియర్ల ప్లగ్గు, సరైన ఎర్తు ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టొద్దు, ప్లగ్గు కరిగి మంటలు లేచేది అక్కడే. మీటరు దగ్గరే తక్కువ ఉంటే కరెంటు ఆఫీసులో ఫిర్యాదు రాసివ్వండి.

రెండోది కప్పు. పెంకుల సందుల్లోంచి, గోడకి కప్పుకి మధ్య ఖాళీలోంచి వేడిగాలి పైకి పోతూనే ఉంటుంది. ఆ ఒక్క గదికి ప్లైవుడ్డో జిప్సమ్ బోర్డో అడ్డకప్పు వేయించండి, తలుపు కింద రబ్బరు పట్టీ కొట్టించండి. హీటరు రేటు కంటే ఈ ఖర్చు ఎక్కువైనా ముందు చేయాల్సింది ఇదే. తర్వాత ఇదే హీటరు చాలొచ్చు.

నిజంగా కరెంటు ఆదా చేసేది వేడి, చల్లదనం రెండూ ఇచ్చే ఇన్వర్టర్ ఏసీ. అది వేడిని పుట్టించదు, బయటి గాలిలో ఉన్నదాన్ని లోపలికి తోడుతుంది. అందుకే యూనిట్‌కి మూడింతల వేడి దాకా ఇస్తుంది. కొనేటప్పుడు ‘హీట్ పంప్’ రకమేనని అడిగి, బిల్లు మీద రాయించుకోండి. మామూలు ఏసీ వేడి ఇవ్వదు.

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు అమెరికాలో మిషిగన్‌లో పాత ఇల్లు కొన్నారు. ఇల్లంతటికీ వేడిగాలి పంపే గ్యాస్ ఫర్నేస్ 20 ఏళ్లు దాటింది, 80 శాతం రకం. మార్చమంటున్నారట. 95 శాతం రకం అంటే చాలా ఖరీదు. లాభమా? ఏమేం అడగాలి?
– బరంపురం నుంచి ఒక తండ్రి

జవాబు: అక్కడి చలికి లాభమే అయ్యా. అయితే పెట్టేవాడి పనితనం మీదే అంతా ఉంటుంది.

80 శాతం రకం వంద డాలర్ల గ్యాస్‌లో ఇరవై డాలర్ల వేడిని పొగ గొట్టం ద్వారా బయటికి పంపేస్తుంది. 95 శాతం రకంలో వేడి గుంజుకునే రెండో గూడు ఉంటుంది. పొగలోని ఆవిరి అందులో నీరుగా మారుతూ తన వేడిని కూడా ఇచ్చేస్తుంది. అంతే వెచ్చదనానికి గ్యాస్ దాదాపు 16 శాతం తక్కువ పడుతుంది. వాళ్ల ఏడాది వేడి బిల్లులో 16 శాతం ఎంతో లెక్కేసి, రెండు రకాల ధరల తేడాని దానితో భాగించమనండి. ఎన్నేళ్లలో డబ్బు తిరిగొస్తుందో తెలిసిపోతుంది.

సైజు దగ్గరే ఎక్కువ మోసపోతారు. పాతది 80,000 బీటీయూ (వేడి కొలత) అయితే కొత్తదీ 80,000 పెట్టేస్తారు. పాతది ఇంటికి ఇచ్చింది 64,000 మాత్రమే. 95 శాతం రకంలో 68,000 పెడితేనే అంత వస్తుంది. పైగా పాతదే అవసరానికి మించి పెద్దదై ఉండే అవకాశం ఎక్కువ. పెద్ద ఫర్నేస్ ఐదు నిమిషాలు మండి ఆగి మళ్లీ మండుతుంది. ఒక గది ఉక్క, ఒక గది చలి, భాగాలు త్వరగా అరుగుతాయి. ‘మాన్యువల్ జే’ పద్ధతిలో గోడలు, కిటికీలు, అటక చూసి లెక్క వేసి కాగితం మీద ఇచ్చేవాళ్లనే పిలవమనండి. ఇంటి చదరపు అడుగులు మాత్రం విని సైజు చెప్పేవాళ్లు వద్దు.

పాత ఇటుక చిమ్నీ ఈ రకానికి పనికిరాదు. పొగ చల్లగా, తడిగా వస్తుంది కాబట్టి పక్కగోడ నుంచి ప్లాస్టిక్ గొట్టాలు వేస్తారు, గాలి లోపలికి ఒకటి, పొగ బయటికి ఒకటి. అవి మంచు పేరుకునే ఎత్తు కంటే పైన ఉండాలి. లేకపోతే మంచు తుపాను రాత్రి నోరు మూసుకుపోయి ఫర్నేస్ ఆగిపోతుంది. లోపల కారే నీళ్లు పులుపు గుణం ఉన్నవి. వాటి గొట్టం వాలుగా డ్రైనుకి పోవాలి, చల్లని గది మీదుగా పోతే గడ్డకడుతుంది. నడిచలికాలంలో కొత్త ఫర్నేస్ ఆగిపోయిందంటే మొదట చూడాల్సినవి ఈ నీళ్ల గొట్టం, ఫిల్టరు.

ఇంకో ముఖ్య సంగతి. వాళ్ల గ్యాస్ గీజరు కూడా అదే పాత చిమ్నీలోకి పొగ వదులుతూ ఉంటే, ఫర్నేస్ తప్పుకున్నాక ఆ ఒక్కదానికి చిమ్నీ మరీ వెడల్పైపోతుంది. పొగ పైకి ఎక్కలేక ఇంట్లోకి దిగుతుంది. చిమ్నీలో సన్న లోహపు గొట్టం దింపించాలి, లేదా గీజరు కూడా మార్చాలి. దీని గురించి కాంట్రాక్టరు తనంతట తాను చెప్పకపోతే వేరే అతన్ని చూసుకోమనండి. ప్రతి అంతస్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం పెట్టమనండి.

మార్చే ముందే అటకలో వేడిని ఆపే దూది పొర మందం పెంచి, గాలి గొట్టాల అతుకులకి మాస్టిక్ అనే జిగురు పూయిస్తే ఇంకా చిన్న ఫర్నేస్ చాలొచ్చు. అమెరికా కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన 30 శాతం పన్ను రాయితీ (ఫర్నేస్‌కి 600 డాలర్ల దాకా) 2025 డిసెంబరు 31తో ముగిసింది. దాన్ని చూపి అమ్మేవాళ్లుంటే జాగ్రత్త. స్థానిక గ్యాస్ కంపెనీ రిబేటు ఉందేమో విడిగా కనుక్కోమనండి.

ప్రశ్న: మేం బొగ్గు సిగిడీ (కుంపటి) వాడతాం. వెలిగించినప్పుడు గల్లీ అంతా పొగ. ఇరుగుపొరుగు గొడవ. మార్గం ఉందా?
– బల్లార్షా

జవాబు: వెలిగించే తీరు తిరగేయండి. మీరు అడుగున పుల్లలు, పైన బొగ్గు వేస్తున్నారు. కింద మంట పైన ఉన్న పచ్చి బొగ్గుని ఉడికిస్తుంది, అందులోంచి వచ్చే ఆవిరే ఆ పసుపుపచ్చ పొగ. దాన్ని కాల్చడానికి పైన మంట లేదు. ఇకమీదట గుడ్డు సైజు బొగ్గు అడుగున పేర్చి, దాని మీద కాగితం, చితుకులు, చితుకుల మీద గుప్పెడు చిన్న బొగ్గు వేసి పైనుంచి వెలిగించండి. నిప్పు కిందికి దిగుతూ ఉంటే లేచే పొగ మంటలోంచే పోయి కాలిపోతుంది. పొగ బాగా తగ్గుతుంది. ముందుగా జల్లెడ కడ్డీల్లో చిక్కిన చిట్టెం రాల్చండి, కింది గాలి నోరు పూర్తిగా తెరిచి ఉంచండి.

పొగ తగ్గిందని సిగిడీని ఇంట్లోకి తేవద్దు. పొట్టంగి అమ్మకి చెప్పిన కార్బన్ మోనాక్సైడ్ దీనికీ వర్తిస్తుంది, పైగా బొగ్గులో గంధకం కూడా ఉంటుంది. రోజువారీ వంటకి గ్యాసో ఇండక్షనో పెట్టుకోవడమే అసలు మార్గం.

ప్రశ్న: వెదురు పొయ్యిలో వాడొచ్చా? పేలుతోంది.
– సిరోంచ

జవాబు: వాడొచ్చు. గణుపుల మధ్య మూసుకున్న గాలి వేడికి ఉబ్బి పేలుతుంది. ప్రతి గణుపూ విడిపోయేలా నిలువుగా చీల్చి ఎండబెట్టండి. త్వరగా కాలిపోతుంది కాబట్టి మంట అందుకోవడానికి వెదురు, నిలవడానికి గట్టి కట్టె కలిపి వాడండి.

ప్రశ్న: ఇద్దరమే ఉంటాం. 15 లీటర్ల గీజరా, 3 లీటర్ల వెంటనే కాచేదా? రోజంతా ఆన్‌లో ఉంచాలా?
– పర్లాకిమిడి, రిటైర్డ్ ఉపాధ్యాయుడు

జవాబు: బకెట్ స్నానానికి 15 లీటర్లది, కరెంటు ఆదాని చూపే 5 స్టార్ల బీఈఈ లేబుల్ ఉన్నది తీసుకోండి మాస్టారూ. 15 లీటర్లని 30 డిగ్రీలు పెంచడానికి అర యూనిట్ కొంచెం మించి పడుతుంది. 2,000 వాట్ల గీజరుకి పావుగంట పైచిలుకు. స్నానానికి 20 నిమిషాల ముందు వేసి, కట్టేసి స్నానం చేయండి. రోజంతా వేసి ఉంచితే తొట్టి గోడల్లోంచి పోయే వేడికి కూడా మీరే డబ్బు కడతారు. చిన్నది 3,000 వాట్లు, 13 ఆంపియర్లు లాగుతుంది, పాత వైరింగుకి బరువు.

థర్మోస్టాట్ 50–55 డిగ్రీల మధ్య పెట్టండి. వేడినీళ్ల వైపు మామూలు పీవీసీ గొట్టం మెత్తబడి ఊడుతుంది, వేడి తట్టుకునే సీపీవీసీ వేయించండి. సేఫ్టీ వాల్వు నుంచి అప్పుడప్పుడు చుక్కలు కారడం సహజం, దాన్ని బిగించి మూయొద్దు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. మీ బావి నీళ్లలో తెల్ల ఉప్పు పేరుకునే గుణం ఉంటే ఏడాదికోసారి తొట్టి విప్పించి, లోపలి మెగ్నీషియం కడ్డీ చూపించండి. అది సగానికి పైగా అరిగితే మార్చాలి. కడ్డీ పూర్తిగా కరిగాక తుప్పు తొట్టిని పట్టుకుంటుంది, అప్పుడు గీజరే మార్చాల్సి వస్తుంది.